తలుపు తట్టి చూసే మనిషి

ఆవిడ పోయి ఏడాది దాటిందని నాకు గుడివాడ బస్టాండులో తెలిసింది. ఒకప్పుడు బందరు ఆసుపత్రిలో మాతో పనిచేసిన నర్సమ్మ ఒకావిడ కనబడింది. కూతురి కాన్పు గురించీ, అల్లుడి ఉద్యోగం గురించీ చెబుతూ మధ్యలో, "అన్నట్టు మీకు తెలుసో లేదో, మన సిస్టరుగారు పోయారంట" అంది. ఎప్పుడని అడిగితే నిరుడంది. దగ్గర ఎవరున్నారని అడిగితే, "ఏమోనండీ, నాకూ ఎవరో చెబితేనే తెలిసింది" అంటూ సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేసింది.

నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. ఎదురుగా టిక్కెట్ల గది. దాని తలుపు బార్లా తెరిచి గోడకి ఆనించి ఉంది. టేకు తలుపు, ఒంటి రెక్క. మా వార్డు నర్సు, ఆ సిస్టరుగారే ఉంటే ఈపాటికి లేచి వెళ్ళి, వేళ్ళ కణుపులతో దాన్ని తట్టి, పైనా కిందా ఓసారి చూసి, "ఇది మోస్తుందమ్మా" అని వచ్చి కూర్చునేవారు. అది తలచుకోగానే నాకు ఏడుపొచ్చింది.

ఎవరింటికి వెళ్ళినా ఆవిడ ముందు తలుపునే పలకరించేవారు. గడపలో నిలబడి, ఇంట్లో మనుషుల్ని చూడక మునుపే రెక్కని తట్టేవారు. చెక్క గట్టిదా, పుచ్చిందా? పైకెత్తితే ఊడి వస్తుందా? మనిషి పొడుగుకి సరిపోతుందా? అన్నీ ఒక్క చూపులో తేల్చుకునేవారు. చెట్టు మీంచో, గడ్డివామి మీంచో పడి నడుం దెబ్బతిన్న మనిషిని వంచకూడదు, కూర్చోబెట్టకూడదు. ఉన్నవాణ్ణి ఉన్నట్టే చదునుగా పడుకోబెట్టి ఆసుపత్రికి తేవాలి. పల్లెటూళ్ళో అంత బల్ల ఎక్కడ దొరుకుతుంది? తలుపయితే దొరుకుతుంది. ఆవిడ లెక్క అదీ. తాటాకు ఇళ్ళయితే గుమ్మానికి కట్టిన తడికని పట్టుకుని ఊపి చూసేవారు. "ఇంకో రెండు బద్దలు వేసి కట్టించండి బాబాయ్" అని ఇంటాయనకి చెప్పేవారు. దొంగల భయానికి చెబుతోందనుకుని ఆయన సరేననేవాడు.

ఈ అలవాటు వల్ల ఆవిడకి ఒక సంబంధం చెడింది. గుడివాడలో ఒక బడిపంతులుగారు, భార్య పోయిన మనిషి, మంచివాడు. మన పాదిరిగారు మాట కలిపి, ఓసారి ఇంటికి వెళ్ళి రమ్మంటే సిస్టరుగారు నన్ను తోడు తీసుకుని వెళ్ళారు. పంతులుగారి తల్లి కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి ఈవిడ వీధి తలుపు తట్టి చూస్తున్నారు.

"ఏమ్మా, ఏం చూస్తున్నావు?" అంది పెద్దావిడ.

"తలుపు మంచిదండీ. మీ అబ్బాయిగారు పొడుగు మనిషి కదా, ఆయన పడ్డా సరిపోతుంది" అన్నారీవిడ, ఎంతో సంతోషంగా.

పెద్దావిడ కాఫీ అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. బస్సులో తిరిగి వస్తుంటే, "నేను తప్పుగా ఏమన్నా అన్నానా ఆదెమ్మా?" అని అడిగారు నన్ను. నాకు నవ్వాగలేదు. ఆవిడ కూడా నవ్వారు కానీ, పామర్రు దాటాక కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "పెళ్ళికి ముందే మావాణ్ణి తలుపెక్కించిందమ్మా మహాతల్లి" అని ఆ పెద్దావిడ ఊరంతా చెప్పుకుందని తర్వాత తెలిసింది.

అయితే మొదట్లో ఆవిడకి ఈ తలుపుల గొడవ లేదు. అది ఎలా మొదలైందో చెప్పాలంటే ముందు పెట్టెల సంగతి చెప్పాలి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, సముద్రం అవతలి దేశంలో ఉన్న ఒక ఆసుపత్రి మా బందరు ఆసుపత్రికి తోడు నిలిచింది. ఎముకలు విరిగినవాళ్ళని, నెత్తురు పోతున్నవాళ్ళని ఎలా చూడాలో నేర్పడానికి అక్కణ్ణించి ఏటా ఒక డాక్టరు దొరగారు వచ్చి కొన్నాళ్ళుండేవారు. ఇక్కణ్ణించి ఒకరు వెళ్ళి అక్కడ నేర్చుకుని రావాలని కూడా ఒప్పందం. అలా వెళ్ళిన మనిషే మా సిస్టరుగారు. పెడన దగ్గర పల్లె ఆవిడది. తండ్రి మగ్గం నేసేవాడు. ఆవిడ ఓడ ఎక్కే నాటికి ఆయన లేడు. తిరిగి వచ్చే నాటికి తల్లీ లేదు.

అక్కణ్ణించి చెక్కపెట్టెల్లో సామాను వచ్చేది. ఆ రోజు మాకు పండగలా ఉండేది. నేను వార్డు ఆయాని. అప్పటికి నాకు అక్షరాలు రావు కాబట్టి పెట్టె మూత తీసి వాసన చూసి ఏది ఏమిటో చెప్పేదాన్ని. అక్కడి చర్చిల్లో ఆడవాళ్ళు పాత దుప్పట్లు చింపి, కట్టుగుడ్డలు చుట్టి పంపేవారు. ఒక్కోదాని అంచున ఎవరో కుట్టిన పువ్వు సగం తెగి కనబడేది. సిస్టరుగారు ఆ పువ్వు పైకి వచ్చేటట్టు కట్టు కట్టేవారు. కాలికి కట్టే ఇనప చట్రాలయితే మా రైతుల కాళ్ళకి మూరెడు పొడుగయ్యేవి. వాటిని కోసి సరిచెయ్యడానికి కోనేరు సెంటర్లో కమ్మరి దగ్గరికి మోసుకెళ్ళేవాళ్ళం. ప్లాస్టరు డబ్బాలు ఓడలో చెమ్మకి రాయిలా బిగుసుకుపోయి వచ్చేవి. వాటిని చూసి దొరగారు తల పట్టుకుంటే, ఈవిడ వాటినే వార్డు తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టుకునేవారు.

ఆవిడ ట్రంకు పెట్టెలో ఒక ఉన్ని కోటు ఉండేది. ఏటా వానలు తగ్గాక దాన్ని వరండాలో ఎండకి వేసేవారు. బందరు ఉక్కలో ఆ కోటుని చూస్తేనే నాకు చెమటలు పట్టేవి. "ఇంకా ఎందుకండీ ఇది, ఎవరికన్నా ఇచ్చెయ్యరాదూ?" అన్నాను ఒకసారి.

"ఇక్కడ ఎవరికి పనికొస్తుంది?" అన్నారు. కోటుని రెండో వైపు తిప్పి వేస్తూ, తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పారు. "అక్కడ మమ్మల్ని ఇద్దరిద్దర్ని జతచేసేవారు. ఒకళ్ళు దెబ్బతిన్నవాళ్ళు, ఇంకొకళ్ళు మోసేవాళ్ళు. మెట్ల మీంచి, మంచులోంచి మోయాలి. తర్వాత మార్చుకోవాలి. మోయడం నాకు తొందరగానే వచ్చింది. మోయించుకోవడం రాలేదు. కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా వదిలెయ్యాలి ఆదెమ్మా. నా జతలో ఉన్న పిల్ల విసుక్కునేది, నువ్వు ఒళ్ళు బిగబట్టావు, నువ్వు ఒళ్ళు బిగబట్టావు అని. ఎంత ప్రయత్నించినా నాకది చాతకాలేదు."

అందుకేనేమో, మేం పల్లెటూళ్ళకి వెళ్ళి చూపించేటప్పుడు దెబ్బతిన్న మనిషి వేషం ఎప్పుడూ నాదే. ఆసుపత్రి వ్యానులో వెళ్ళి, బడి దగ్గరో చావిడి దగ్గరో నలుగుర్నీ పోగుచేసి, నన్ను నేల మీద పడుకోబెట్టేవారు. "పడ్డ మనిషిని లేపొద్దు. నీళ్ళు తర్వాత, మాట ముందు. ఎక్కడ నొప్పి, కాలు కదులుతుందా అని అడగండి" అనేవారు. ఈ మాట ఎన్ని ఊళ్ళల్లో విన్నానో! తర్వాత పెట్టెల్లో వచ్చిన స్ట్రెచరు విప్పేవారు. రెండు పొడుగాటి కర్రలు, మధ్యలో మందపాటి గుడ్డ. నలుగురు మగవాళ్ళని పిలిచి నన్ను మోయించేవారు. జనం నవ్వుతూ చూసేవారు. స్ట్రెచరు ఆ ఊళ్ళో వదిలి వచ్చేవాళ్ళం. దివిసీమలో చాలా ఊళ్ళల్లో అలా వదిలాం.

ఏడాది తిరిగినా ఆ స్ట్రెచర్ల మీద ఒక్క మనిషీ ఆసుపత్రికి రాలేదు. పడ్డవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. వీపు మీద వేసుకుని తెచ్చేవాళ్ళు, పంచెలో ఉయ్యాల కట్టి తెచ్చేవాళ్ళు, రిక్షాలో కూర్చోబెట్టి తెచ్చేవాళ్ళు. పడ్డ చోట కాళ్ళు కదిలినవాడు మా దగ్గరికి వచ్చేసరికి కదలనివాడయ్యేవాడు. సిస్టరుగారు ప్రతివాళ్ళనీ అడిగేవారు, "పడ్డప్పుడు కాళ్ళు ఆడాయా?" అని. "ఆడాయమ్మా, మంచినీళ్ళు కూడా తాగాడు" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ వెళ్ళి చేతులు కడుక్కునేవారు. కడుక్కున్న చేతులే మళ్ళీ కడుక్కునేవారు.

స్ట్రెచర్లు ఏమయ్యాయో చూద్దామని, వ్యాను లేకుండా, మేమిద్దరమే బస్సుల్లో, పడవల్లో బయల్దేరాం. ఒక ఊళ్ళో దాని మీద మిరపకాయలు ఎండబెట్టారు. ఒక ఊళ్ళో గుడ్డ విప్పి ఎడ్లకి వానకప్పు చేశారు. అవనిగడ్డ అవతల ఒక ఊళ్ళో మాత్రం బడి వెనక గోడకి చేరేసి, మీద తాటాకులు కప్పి ఉంచారు. ఎందుకలా కప్పారని అడిగితే ఆ ఊరి బడి పంతులుగారు నీళ్ళు నమిలాడు. "పిల్లలు చూసి జడుసుకుంటున్నారండీ" అన్నాడు.

చింత చిగురు వేసే కాలం. ఇళ్ళు కప్పుకునే రోజులు. మేం ఆ పంతులుగారితో మాట్లాడుతుండగానే చేల వైపు నుంచి కేకలు వినబడ్డాయి. తాటాకులు కొట్టడానికి చెట్టెక్కిన మనిషి జారి పడ్డాడు.

మేం పరుగెత్తుకుని వెళ్ళేసరికి అతను గట్టు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పాతికేళ్ళ మనిషి. అతని అన్నదమ్ములిద్దరు చంకల్లో చేతులు వేసి లేపబోతున్నారు. తల్లి చెంబుతో నీళ్ళు తెస్తోంది. పెళ్ళాం, ఇంకా చిన్నపిల్ల, నోట్లో కొంగు కుక్కుకుని నిలబడి ఉంది.

"లేపొద్దు!" అని సిస్టరుగారు అరిచిన అరుపుకి ఆ ఇద్దరూ చేతులు వదిలేశారు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని అతనితో మాట్లాడారు. జడలోంచి పిన్ను తీసి అరికాలు మీద గీశారు. వేళ్ళు ముడుచుకున్నాయి. రెండో కాలూ గీశారు. అవీ ముడుచుకున్నాయి. ఆవిడ తలెత్తి పెళ్ళాం వైపు చూశారు. "చూశావా అమ్మా, నీ మొగుడి కాళ్ళు బాగున్నాయి. నడుం ఎముక విరిగింది, లోపలి నరం తెగలేదు. ఇలాగే పడుకోబెట్టి బందరు తీసుకెళ్తే నడుస్తాడు. కూర్చోబెడితే మాత్రం ఇంక నడవడు" అన్నారు. అందరికీ అర్థమయ్యేట్టు, గట్టిగా.

పంతులుగారు స్ట్రెచరు పట్టించుకొచ్చాడు. దాన్ని నేల మీద పరిచారో లేదో, తల్లి చెంబు విసిరికొట్టింది.

"బతికున్న బిడ్డని పాడెక్కిస్తావా, నీ చేతులు పడిపోను!"

చుట్టూ ఉన్న మగవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. ఒక ముసలాయన మాత్రం ముందుకొచ్చి, అలవాటైన గొంతుతో, "ఆడోళ్ళు ఇళ్ళకెళ్ళండమ్మా. మీరు రాగూడదు, మేం చూసుకుంటాం" అన్నాడు. అని, తను అన్న మాట తనకే వినబడినట్టు నోరు మూసుకున్నాడు.

అప్పుడు తెలిసింది మాకు. రెండు పొడుగు కర్రలు, మధ్యలో మనిషి, నలుగురి భుజాలు. ఏడాదిగా మేం ఊరూరా పంచిపెట్టింది పాడెలు. ఆవిడా నేనూ క్రైస్తవుల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళం. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళని పెట్టెలో పెట్టి తీసుకెళ్తారు, వెనక ఆడవాళ్ళం కూడా సమాధుల దాకా నడుస్తాం. ఆ కర్రల్ని చూస్తే మాకు ఏమీ అనిపించలేదు. ఊరూరా నేను దాని మీద పడుకుంటే నవ్విన జనం, మేం వెళ్ళాక మైలని తలకి నీళ్ళు పోసుకుని ఉంటారు.

ఆవిడ స్ట్రెచరుని కాలితో పక్కకి నెట్టేశారు. దగ్గర్లో ఉన్న పెంకుటింటికి వెళ్ళి తలుపు తట్టి చూశారు. నేను చూడగా ఆవిడ తట్టిన మొదటి తలుపు అదే. పాత తలుపు, పైకెత్తి వంచితే ఊడి వచ్చింది. ఇంటామె లబోదిబోమంది కానీ ఆవిడ వినిపించుకోలేదు. ఆ రెక్కని అతని పక్కన పెట్టి, నా చేతులు, పంతులుగారి చేతులు, అన్నదమ్ముల చేతులు ఎక్కడెక్కడ పెట్టాలో పెట్టించి, "నేను ఊఁ అంటేనే" అన్నారు. ఊఁ అన్నారు. అతను తలుపు మీదకి వచ్చాడు. తలకి అటూ ఇటూ మట్టిబెడ్డలు పెట్టి, సంచీలో ఉన్న కట్టుగుడ్డలతో కట్టేశారు.

అయినా మోయడానికి ఒక్క మగవాడూ ముందుకు రాలేదు. కర్రలు పోయినా భుజాలు నాలుగే కదా! అన్నదమ్ములు కూడా నేల చూపులు చూస్తున్నారు. తల్లి నేల మీద కొట్టుకుంటోంది. ఎండ ఎక్కుతోంది. కాలువ రేవు కనబడుతూనే ఉంది, అక్కడ పడవ కూడా ఉంది. తలుపు మీద ఉన్న మనిషి మాత్రం కళ్ళు తిప్పి అందర్నీ చూస్తున్నాడు.

సిస్టరుగారు ఆ ముసలాయన వైపు తిరిగారు. "బాబాయ్, ఇందాక ఆడవాళ్ళని ఎందుకు వెళ్ళమన్నారు?"

"పాడె వెంట ఆడోళ్ళు వస్తారామ్మా ఎక్కడన్నా?"

"రారా?"

"రారు."

"పాడెకి ఆడది భుజం పెడుతుందా?"

"అదేం మాటమ్మా! ముట్టుకోనుగూడా ముట్టుకోదు."

ఆవిడ చెంగు నడుముకి దోపుకుని తల వైపు ఒక మూల కిందికి భుజం పెట్టారు. నన్ను రెండో మూలకి రమ్మన్నారు. "అయితే ఇది పాడె కాదు. ఆడవాళ్ళం మోస్తున్నాం" అన్నారు. ఆ పిల్లని పిలిచి, "నువ్వు ముందు నడువమ్మా. నీ మొగుడి తల నీ వైపే ఉంటుంది. పోయినవాళ్ళకి లాగా కాళ్ళు ముందుకు పెట్టం, తల ముందు" అన్నారు. ఆ పిల్ల నడవలేదు. నోట్లోంచి కొంగు తీసి, వచ్చి, కాళ్ళ వైపు మూల పట్టుకుంది. నాలుగో మూల ఖాళీగా ఉంది. అందరం దాన్నే చూస్తున్నాం.

తల్లి లేచింది. మొహం తుడుచుకోలేదు. వచ్చి ఆ మూల కిందికి భుజం పెట్టింది.

నలుగురు ఆడవాళ్ళం ఒక్కసారే పైకెత్తి, గట్టు మీద పాతిక గజాలు కూడా మోసి ఉండం, అన్నదమ్ములిద్దరూ ఏడుస్తూ వచ్చి, "తప్పుకో అమ్మా" అంటూ తల్లి మూలా, ఆ పిల్ల మూలా అందుకున్నారు. మా ఇద్దర్నీ మాత్రం తప్పుకోనివ్వలేదు. "మీరుండండి, మీరుండాలి" అన్నాడు ముసలాయన, పక్కనే నడుస్తూ. రేవు దాకా మోసి, పడవలో దింపి, అవతల చల్లపల్లి మీదుగా వచ్చే వడ్ల లారీని ఆపి, బస్తాల మీద ఆ తలుపు పెట్టి బందరు తెచ్చాం. ఆవిడ ఆ దారంతా అతని రెండు పాదాల్నీ పట్టుకుని కూర్చున్నారు, మధ్యమధ్య గోరుతో గీస్తూ.

అతను నెలల తరబడి ప్లాస్టరులో ఉండి, లేచి నడిచాడు. తర్వాతి ఏడు ముంజలు కోసుకుని ఆసుపత్రికి వచ్చాడు. సిస్టరుగారు అతన్ని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించి చూశారు. మొహం వైపు చూడలేదు. ఆవిడకి మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, నడకలు గుర్తుండేవి.

ఆ ఏడు వచ్చిన దొరగారితో ఆవిడకి పెద్ద వాదన జరిగింది. వాళ్ళ భాషలో జరిగింది కానీ, తర్వాత నాకు చెప్పారు. "స్ట్రెచర్లు వద్దన్నాను. అక్కడ వాళ్ళంతా చందాలు పోగుచేసి కొన్నారే, ఏం చెప్పను అన్నాడు. ఉన్నది చెప్పండన్నాను. మరి ఏం పంపమంటావన్నాడు. తలుపు బందులు పంపమన్నాను." దొరగారు కాగితం తీసుకుని రాసుకున్నారట. నిజంగానే మరుసటి ఏడు పెట్టెలో ప్లాస్టరుతో పాటు ఇనప బందులు వచ్చాయి. పైకెత్తితే ఊడిపోయే రకం. బందరు వడ్రంగి సాయిబుగారు వాటిని తిప్పితిప్పి చూసి, "ఏంటమ్మగారూ, జనం తలుపు ఊడిపోకుండా చెయ్యి సాయిబూ అంటారు, మీరు ఊడేట్టు చెయ్యమంటారు. నా పేరు పోదూ?" అన్నాడు. అన్నా, ఊరూరా వచ్చి బిగించాడు.

నలుగురు ఆడవాళ్ళు మొగాణ్ణి మోసుకొచ్చారన్న కబురు దివిసీమంతా పాకింది. ఒక్కొక్కరే తలుపుల మీద రావడం మొదలైంది. కొందరు కాళ్ళు ఆడుతూనే వచ్చారు. ఆవిడ అనుకున్నది జరగడం మొదలైంది. దాంతో పాటు ఇంకొకటి కూడా మొదలైంది. ఆవిడ ఊళ్ళోకి వస్తే ఎవరో పడతారని. తలుపు తట్టిన ఇంట్లో ఏదో జరుగుతుందని.

మేం వీధిలోకి తిరగ్గానే తలుపులు మూసుకునేవి. ఒకచోట ఒక ఇల్లాలు గడపకి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ జోడించింది. "మా తలుపు జోలికి రావద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"సరేనమ్మా" అన్నారీవిడ. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసి, "తలుపు మాత్రం మంచిది" అన్నారు నాతో.

ఆ తాటిచెట్టు మనిషికి కూతురు పుట్టింది. కబురు చెప్పడానికి వచ్చాడు. బారసాల అన్నాడు కానీ రమ్మనలేదు. వేళ్ళు నలుపుకుంటూ నిలబడి, "మా అమ్మ మీకు రోజూ దణ్ణం పెట్టుకుంటదండీ" అన్నాడు. "అలాగా, ఆమె మోకాళ్ళు బాగున్నాయా?" అని అడిగి పంపేశారు. పుట్టిన రోజులకీ, పెళ్ళిళ్ళకీ ఆసుపత్రిలో వాళ్ళు కూడా మెల్లిగా ఆవిడని మర్చిపోవడం నేర్చుకున్నారు. చెడ్డవాళ్ళు కారు, ఎందుకొచ్చిన పట్టింపని. ఆవిడ గదిలో ఒక కుర్చీయే ఉండేది. భోజనం తెప్పించుకుని ఆ గదిలోనే తినేవారు. నేను గిన్నెలు తియ్యడానికి వెళ్తే, నిలబడి, గోడ మీద బల్లిని చూస్తూ తింటుండేవారు.

"కూర్చుని తినొచ్చు కదండీ."

"కూర్చుంటే ఎవరన్నా వస్తారేమోనని చూస్తూ ఉంటాను ఆదెమ్మా. నిలబడితే పని అయిపోతుంది."

చివరికి ఒకరోజు జరిగింది చెబుతాను. చాలా ఏళ్ళు గడిచాయి. ఆవిడ జుట్టు నెరిసింది. దొరగార్లు రావడం తగ్గింది. ఇక్కడి డాక్టర్లే చేస్తున్నారు. మంగినపూడి అవతల, సముద్రం పక్క పల్లె నుంచి ఒక బండి వచ్చింది. మేం ఎప్పుడూ వెళ్ళని ఊరు. ఇల్లు కప్పుతూ పడ్డ మనిషిని తెచ్చారు. తలుపు మీద, చదునుగా, తల ముందుకు. తలకి అటూ ఇటూ మట్టిబెడ్డలకి బదులు రెండు ఇసుక మూటలు. బండి ఆగాక అన్నదమ్ములు కాళ్ళ వైపు పట్టుకుంటే, తల వైపు ఒక మూల పెళ్ళాం, ఇంకో మూల వదిన.

సిస్టరుగారు అరికాళ్ళు గీసి చూశారు. వేళ్ళు ముడుచుకున్నాయి. అప్పుడు పెళ్ళాం వైపు తిరిగారు.

"ఇలా తేవాలని ఎవరు చెప్పారమ్మా?"

ఆమె వింతగా చూసింది. "చెప్పేదేంటండీ? పడ్డోణ్ణి తలుపు మీదే గదండీ తేవాలి. పెళ్ళాం భుజం పెట్టాలి. పెట్టకపోతే దోషం. మా అత్తల నాటి నుంచీ ఉన్నదే."

"మా అత్త వాళ్ళత్త నాటి నుంచీ" అంది వదిన, తన మాట కూడా ఉండాలన్నట్టు.

నాకు ఉండబట్టలేదు. "ఏంటమ్మా అత్తలు! అసలు ఇదంతా..." అనబోయాను. సిస్టరుగారు నా మణికట్టు పట్టుకుని నొక్కారు. అంత గట్టిగా ఆవిడ నన్నెప్పుడూ పట్టుకోలేదు. "అవునమ్మా, పాత పద్ధతే" అన్నారు వాళ్ళతో.

అతన్ని లోపలికి తీసుకెళ్ళి, డాక్టరుగారు చూసి, నడుస్తాడని చెప్పాక, ఆ ఆడవాళ్ళిద్దరూ వరండాలో చేరగిలపడి అన్నం మూట విప్పారు. ఎండు చేపల పులుసు వాసన వార్డంతా పాకింది. సిస్టరుగారు అటుగా వెళ్తుంటే పెళ్ళాం పిలిచింది.

"తిన్నారా అక్కా?"

ఆవిడ ఆగారు. వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశారు.

"మిమ్మల్నేనండీ. పొద్దుట్నుంచీ మాతోనే తిరుగుతున్నారుగదా. రండి, ఓ ముద్ద తిందురుగాని."

ఆవిడ చెప్పులు విడిచి వాళ్ళ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను స్తంభం దగ్గర నిలబడిపోయాను. వదిన ఒక తామరాకు దులిపి ముందర పరిచింది.

"ఏ ఊరండీ మీది?"

"పెడన దగ్గరమ్మా."

"మేనత్తది పెడనేనండీ మాకు! పిల్లలెంతమంది?"

"లేరమ్మా."

"దేవుడిస్తాడులెండి. మా ఆడబడుచుకి పదేళ్ళకి పుట్టాడు" అంది పెళ్ళాం, ఆవిడ నెరిసిన జుట్టు వైపు చూడకుండానే, పులుసు కలుపుతూ. సిస్టరుగారు నవ్వారు. మొదట నోరు మూసుకుని, తర్వాత మూసుకోకుండా. ఎందుకో తెలియకపోయినా వాళ్ళిద్దరూ కూడా నవ్వారు. ఇంటి మీద తాటాకుల గురించి, పెడన చీరల గురించి, తలుపు లేని ఇంట్లో ఈ రాత్రికి కుక్కలు దూరతాయేమోనన్న దిగులు గురించి మాట్లాడుకున్నారు. ఆవిడ ఎవరని వాళ్ళు అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

లోపల్నుంచి నన్ను ఎవరో కేకేశారు. వెళ్తూ వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ ఆకు ఖాళీ అయింది.

"ఇంకొంచెం పెట్టనా అక్కా?"

"పెట్టమ్మా" అన్నారు సిస్టరుగారు, ఆకు ముందుకు జరిపి.